కోడిపుంజు చేప: ముల్లు ఒక చోట, ముప్పు మరొక చోట

1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయిన ఒక గ్రంథంలో, విశాఖపట్నం తీరాన సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు ఉన్నాయి. వాటిని సేకరించిన పాట్రిక్ రస్సెల్ స్కాట్లాండ్‌కు చెందిన వైద్యుడు. 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా కోరమాండల్ తీరంలో పనిచేశాడు. అప్పటికి మన సముద్రపు చేపల్లో చాలావాటికి శాస్త్రీయ నామాలు స్థిరపడలేదు కనుక, రస్సెల్ తీరంలో విన్న పేర్లనే రోమన్ లిపిలో రాసుకుని బొమ్మలకు తగిలించాడు. అలా ఒక విషపు ముళ్ళ చేప బొమ్మకు దక్కిన పేరు ‘కోడిపుంగి’. రోమన్ లిపిలో ‘గ’గా కనిపించే అక్షరాన్ని ఇంగ్లీషువారు చాలా చోట్ల ‘జ’ అని పలుకుతారని గుర్తు చేసుకుంటే, ఆ మాట ‘కోడిపుంజు’ తప్ప మరొకటి అయ్యే అవకాశం లేదని తెలుగువారికి వెంటనే స్ఫురిస్తుంది.

ఆ పేరు విశాఖ తీరంతో ఆగిపోలేదు. 1831లో ఎడ్వర్డ్ టర్నర్ బెన్నెట్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త ఈ చేపకు రస్సెల్ గౌరవార్థం ‘టెరాయిస్ రస్సెలీ’ అని నామకరణం చేశాడు. 1852లో, నేటి జకార్తా అయిన బటావియాలో డచ్చి సైనిక వైద్యుడిగా ఉంటూ ఆగ్నేయాసియా చేపలను విస్తారంగా వర్ణించిన పీటర్ బ్లీకర్, ‘టెరాయిస్ కోడిపుంగి’ అన్న పేరును శాస్త్రంలోకి తెచ్చాడు. రెండూ ఒకే చేపవని తరువాత తేలింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం ప్రకారం రస్సెలీ నిలిచింది. కోడిపుంగి పర్యాయ నామాల జాబితాలో మిగిలింది. మన రక్తపింజరకు శాస్త్రీయ నామమైన ‘డబోయా రస్సెలీ’లో ఉన్నది కూడా ఈ రస్సెలే. ఒకే మనిషి పేరు నేల మీద ఒక విషసర్పానికీ, నీటిలో ఒక విషపు ముళ్ళ చేపకూ స్థిరపడగా, ఆ చేపకు ఉత్తరాంధ్ర మత్స్యకారులు పెట్టుకున్న పేరు మాత్రం శాస్త్రగ్రంథాల అడుగు పేజీలకు చేరింది. ఆ పేరును మళ్ళీ పైకి తీసుకురావలసిన అవసరం ఉంది, ఎందుకంటే అది చేపను బాగా చూసినవాళ్ళు పెట్టిన పేరు.

ప్రపంచం ఈ చేపలను లయన్‌ఫిష్ అంటుంది, కొన్ని చోట్ల టర్కీఫిష్ అని కూడా అంటారు. విప్పారిన రెక్కలను చూసి ఒకరికి సింహపు జూలు, మరొకరికి టర్కీ కోడి తోక గుర్తుకు వస్తే, మనవారికి మెడ ఈకలు నిక్కించి పందానికి నిలబడ్డ పుంజు గుర్తుకు వచ్చింది. పోలికల్లో ఇదే దగ్గరిది. పుంజు ఈకలు ఎదుటివాడిని బెదిరించడానికి, గాయం చేసేది కాలి వెనుక ఉన్న కాటా. ఈ చేపలోనూ కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రెక్కలు ఒకటి, గాయం చేసే ముళ్ళు మరొకటి. అంతకన్నా ముఖ్యంగా, గడచిన నలభై ఏళ్ళలో ఈ చేపల వల్ల సముద్రాలకు జరిగిన నష్టానికి కారణం ఆ ముళ్ళు కావు. జనం భయపడే చోటుకూ, అసలు ముప్పు ఉన్న చోటుకూ ఇంత ఎడం ఉన్న జీవి అరుదు.

టెరాయిస్ ప్రజాతిలో పన్నెండు వరకు జాతులను గుర్తిస్తున్నారు. అన్నీ హిందూ మహాసముద్రం, పసిఫిక్ మహాసముద్రాల ఉష్ణ జలాలకు చెందినవే. బంగాళాఖాతంలో ప్రధానంగా కనిపించేవి రస్సెలీ, మైల్స్. మైల్స్ అంటే లాటిన్‌లో సైనికుడు. 1828లో సింహళ తీరపు చేపల మీద రాసిన జాన్ విట్‌చర్చ్ బెన్నెట్ పెట్టిన పేరు అది. ఈయన పైన చెప్పిన బెన్నెట్ కాదు, వేరొకరు. ఇద్దరినీ కలిపివేయడం తరచుగా జరిగే పొరపాటు. మైల్స్ రాతి గుట్టలను, పగడపు దిబ్బలను ఇష్టపడుతుంది. రస్సెలీ బురద నేలల్లోనూ, మసక నీటిలోనూ బతుకుతుంది కనుక ట్రాలర్ వలల్లో పడుతుంది. మైల్స్ తోకకూ, వీపు రెక్క వెనుక భాగానికీ నల్లటి చుక్కలు ఉంటాయి; రస్సెలీకి ఆ చోట్ల చుక్కలు ఉండవు. రెంటికీ ఒంటి నిండా ఇటుక రంగు, తెలుపు చారలు, కంటి మీద కొమ్ములాంటి చర్మపు తోక, నోటి చుట్టూ వేలాడే పోచలు ఉంటాయి.

వంశం రీత్యా ఇవి తేలు చేపల కుటుంబానికి చెందినవి. రాయిలా కదలకుండా అడుగున పడి ఉండే స్టోన్‌ఫిష్ వీటికి దగ్గరి చుట్టమే. ముళ్ళ విషం తీవ్రతలో అది చేపలన్నింటికన్నా ముందుంటుంది. విషపు ముళ్ళు అరుదైన విషయమేమీ కాదు. ఒకప్పుడు ప్రపంచంలో విషాన్ని ఎక్కించగల చేపలు రెండు వందల జాతులని అనుకునేవారు. 2006లో లియో స్మిత్, వార్డ్ వీలర్ అనే శాస్త్రవేత్తలు వంశవృక్షాల ఆధారంగా లెక్క వేసి ఆ సంఖ్య 1,200 దాటుతుందని చూపారు, తరువాతి అధ్యయనాలు దానిని రెండు వేల పైకి తీసుకువెళ్ళాయి. ఆ లెక్కన విషపు చేపలు విషసర్పాల కన్నా ఎక్కువ. మన తీరంలో జెల్ల ముల్లు గుచ్చుకున్న చేతులు, టేకు చేప తోక ముల్లు తగిలిన కాళ్ళు కొత్త సంగతి కావు. ఆ అనుభవమే కోడిపుంజుకూ వర్తిస్తుంది, కొద్ది తేడాలతో.

ఆ తేడాలు అర్థం కావాలంటే ఒక ముల్లును దగ్గరగా చూడాలి. పాఠ్యపుస్తకాలు వాజాలు అని పిలిచే రెక్కల్లో, వీపు రెక్క ముందు భాగంలో సాధారణంగా 13 ముళ్ళు, పొట్ట కింది రెక్కల్లో చెరొకటి చొప్పున 2, మలద్వారం వెనుక ఉన్న రెక్కలో 3, మొత్తం 18 విషపు ముళ్ళు ఉంటాయి. ముల్లు గట్టి ఎముక. దాని రెండు పక్కలా మొదలు నుంచి కొన దాకా పొడవుగా గాడి ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే లంగరు ఆకారం కనిపిస్తుంది. ఆ గాళ్ళలో మెత్తని విషగ్రంథి కణజాలం సన్నని పట్టీలా పరుచుకుని ఉంటుంది, మొత్తం మీద పలుచని చర్మపు ఒర కప్పి ఉంటుంది. పాము కోరలోలాగా గొట్టం లేదు, విషాన్ని నెట్టే కండరం లేదు, నిల్వ ఉంచే సంచి కూడా లేదు. ముల్లు గుచ్చుకున్నప్పుడు ఒర వెనక్కి ముడుచుకుపోతుంది, ఆ ఒత్తిడికి గ్రంథి కణజాలం చిరిగి విషం గాడి వెంట గాయంలోకి దిగుతుంది. అంటే విషాన్ని ఎక్కించే బలం చేపది కాదు, గుచ్చుకున్నవాడిది. ఎంత గట్టిగా చేయి వేస్తే అంత విషం.

ఈ నిర్మాణం చూస్తే ముల్లు ఎందుకున్నదో ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఉండదు. వేటాడడానికి అది ఏ మాత్రం పనికి రాదు. తన మీదికి వచ్చినవాటిని ఆపడానికే ఉన్నది. పెద్ద చేప దగ్గరికి వస్తే కోడిపుంజు పారిపోదు, వీపును అటు తిప్పి ముళ్ళు నిటారుగా నిలబెడుతుంది. నీటి అడుగున ఈతగాళ్ళు దగ్గరకు వెళ్ళినా అదే చేస్తుంది. ఆ నిబ్బరమే దాన్ని బల్లెంతో పొడవడాన్ని తేలిక చేసింది. అందమైన వలయాలుగా విచ్చుకునే రొమ్ము రెక్కల్లో విషం లేదు. భయపెట్టేలా కనిపించే భాగం నిరపాయకరం, గమనించని భాగంలోనే విషం.

విషం ప్రధానంగా ప్రొటీన్ల మిశ్రమం. అందులో కణజాలపు బంధాలను కరిగించి విషం లోపలికి పాకేలా చేసే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్, నాడుల మీద పనిచేసే అసిటైల్‌కోలిన్, కణాల పొరలకు చిల్లులు పొడిచే పెద్ద ప్రొటీన్ విషం ఉంటాయి. ముల్లు దిగిన క్షణం నుంచే నొప్పి మొదలై, గంట గంటన్నరలో తారస్థాయికి చేరి, చేయి లేదా కాలి పొడుగునా పాకుతుంది. వాపు, ఎర్రదనం, కొందరికి నీటి బొబ్బలు వస్తాయి. వాంతి, చెమటలు, కళ్ళు తిరగడం కూడా ఉండవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ప్రాణాపాయం చాలా అరుదు. అయితే ఒకేసారి చాలా ముళ్ళు గుచ్చుకున్నా, అలర్జీ ఉన్నా, నీటి అడుగున ఉండగా నొప్పికి తట్టుకోలేక ఈతగాడు కంగారుపడినా పరిస్థితి విషమిస్తుంది.

ఆ ప్రొటీన్లకు ఒక బలహీనత ఉంది: వేడికి చెడిపోతాయి. అందుకే ప్రపంచమంతటా ప్రథమ చికిత్స ఒక్కటే, వేడి నీళ్ళు. గాయమైన చేతిని లేదా కాలిని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 42 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య, అర గంట నుంచి గంటన్నర వరకు ముంచి ఉంచాలి. నీటి వేడిని గాయపడని చేతితో చూడడం చాలా ముఖ్యం. గాయపడిన చేయి నొప్పి వల్ల వేడిని సరిగా పసిగట్టలేదు, తెలియకుండానే కాలిపోతుంది. పైకి కనిపించే ముల్లు ముక్కలను తీసివేయాలి. కోసి రక్తం తీయడం, నోటితో పీల్చడం, పైన తాడుతో బిగించి కట్టడం మేలు చేయవు, కీడు చేస్తాయి. తరువాత వైద్యుడి దగ్గర ధనుర్వాతపు ఇంజెక్షన్, లోపల ముక్క మిగిలిందేమో పరీక్ష తప్పనిసరి. స్టోన్‌ఫిష్ విషానికి 1959 నుంచి ఆస్ట్రేలియాలో విరుగుడు మందు తయారవుతోంది, లయన్‌ఫిష్‌కు ప్రత్యేకమైన మందు లేదు, సాధారణంగా దాని అవసరమూ రాదు. పడవ మీద ఫ్లాస్కులో వేడి నీళ్ళు ఉంచుకోవడం అన్నింటికన్నా చవకైన, అక్కరకొచ్చే జాగ్రత్త. చేప చచ్చినంత మాత్రాన ముల్లు నిర్వీర్యం కాదు, ఐసులో పెట్టినా కాదు. కనుక వల విప్పేటప్పుడూ, రేవులో కుప్ప పోసిన చేపలను వేరు చేసేటప్పుడూ ప్రమాదం అలాగే ఉంటుంది.

ఒక అపోహను ఇక్కడే తీసివేయాలి. తెలుగులో ‘విషపు చేప’ అనగానే తింటే చచ్చిపోతామన్న అర్థం స్ఫురిస్తుంది. గుచ్చి ఎక్కించే విషం వేరు, తింటే పనిచేసే విషం వేరు. పాముకు విషం కోరలో, తేలుకు కొండిలో ఉన్నట్టే, కోడిపుంజుకు అది ముళ్ళ గాళ్ళలో మాత్రమే ఉంటుంది. మాంసంలో ఆ విషం లేదు. పొరపాటున కొంత అంటుకున్నా వంట వేడికి చెడిపోతుంది. మాంసం తెల్లగా, గట్టిగా ఉంటుంది. కొన్ని పగడపు సముద్రాల్లో నాచు నుంచి చిన్న చేపలకూ, వాటి నుంచి వాటిని తినే పెద్ద చేపలకూ చేరే సిగ్వాటెరా అనే విషం ఉంది. ఆ ప్రాంతాల్లో గ్రూపర్ వంటి చేపలకు పాటించే జాగ్రత్తే దీనికీ వర్తిస్తుంది.

ఇక అసలు ముప్పు ఉన్న నోటి సంగతి. సంధ్య వేళ, వేకువ వేళ కోడిపుంజు వేటకు బయలుదేరుతుంది. వేగంగా ఈదే చేప కాదు, తరమదు. చిన్న చేప ఒకటి రాతి మూలలో కనిపిస్తే రెండు రొమ్ము రెక్కలనూ గొడుగుల్లా విప్పి, చెరో వైపు దారి మూసుకుంటూ, తొందర లేకుండా ముందుకు జరుగుతుంది. పీచుల్లాంటి ఆ రెక్కల వెనుక దాని అసలు ఆకారం ఎదుటి చేపకు పోల్చుకోవడం కష్టం. కొన్నిసార్లు నోటి నుంచి సన్నని నీటి ధారను చేప మీదికి వదులుతుంది. నీటి ఒరవడికి ఎదురు తిరగడం చేపల స్వభావం కనుక ఆ చిన్నది ధార వచ్చిన వైపు, అంటే నేరుగా నోటి వైపు ముఖం తిప్పుతుంది. మరుక్షణం దవడలు ముందుకు సాగి, నోట్లో ఏర్పడిన ఖాళీలోకి నీటితో పాటు చేప కూడా వెళ్ళిపోతుంది. తన పొడవులో సగం ఉన్న చేపను కూడా ఇది మింగగలదు. కడుపు మామూలు పరిమాణానికి ముప్పై రెట్ల వరకు సాగుతుంది. ఈ వేటలో ముల్లుకు పాత్ర లేదు.

ఈ నోరు తనకు అలవాటు లేని సముద్రంలోకి వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో అట్లాంటిక్ చూపించింది. చూడచక్కని చేప కనుక అమెరికాలో అక్వేరియం వ్యాపారానికి లయన్‌ఫిష్ పెద్ద సరుకు. 1985లో ఫ్లోరిడాలోని డానియా తీరంలో ఒకటి దొరికింది; అట్లాంటిక్‌లో అదే మొదటి నమోదు. 1992లో ఆండ్రూ తుపాను ఒక ఇంటి అక్వేరియాన్ని పగలగొట్టడంతో ఇవి సముద్రంలోకి చేరాయన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉంది కానీ, దానికి ఏడేళ్ళ ముందే చేప దొరికింది కనుక ఆ కథ మూల కారణం కాలేదు. పెంచుకోలేక, మోజు తీరి, తొట్టి ఇరుకై జనం వదిలేసినవే ఈ చేపలన్నది ఎక్కువ మంది నిపుణుల అభిప్రాయం. అట్లాంటిక్‌లోని చేపల జన్యువులలో వైవిధ్యం చాలా తక్కువగా ఉండడం కూడా, మొత్తం జనాభా కొద్ది చేపల నుంచే పుట్టిందని సూచిస్తోంది. 2000 నాటికి నార్త్ కరోలినా దాకా, 2004కు బహామా దీవులకు, 2010 నాటికి కరీబియన్ సముద్రంలో చాలా భాగానికీ మెక్సికో సింధుశాఖకూ చేరాయి. 2014లో బ్రెజిల్ తీరంలో కనిపించాయి. సముద్రపు చేపల్లో ఇంత వేగంగా ఇంత దూరం ఆక్రమించినవి అరుదు.

ఆ వేగానికి కారణం గుడ్లు. ఆడ చేప ఒక్కో విడతలో జిగురుతో కట్టిన రెండు గుడ్ల ముద్దలను వదులుతుంది, ఒక్కో ముద్దలో వేల గుడ్లు ఉంటాయి. నీరు వెచ్చగా ఉన్నచోట మూడు నాలుగు రోజులకు ఒకసారి, ఏడాది పొడుగునా ఇలా చేయగలదు. ఏడాదికి రెండు మిలియన్లు, అంటే 20 లక్షల గుడ్ల దాకా అంచనా. ముద్ద నీటి పైకి తేలి ప్రవాహాలతో పోతుంది. పిల్లలు నేలకు దిగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది కనుక ఈలోగా వందల కిలోమీటర్లు దాటిపోవచ్చు. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం వెంట కొట్టుకుపోయిన పిల్లలు వేసవిలో న్యూయార్క్ తీరం దాకా కనిపిస్తాయి, చలికాలంలో అక్కడ చచ్చిపోతాయి. నీరు 10 డిగ్రీల దగ్గరికి చల్లబడితే ఇవి బతకవు. ఉత్తరాన వీటిని ఆపింది మనుషులు కాదు, ఆ చలి.

నష్టాన్ని కొలిచిన పని కూడా జరిగింది. బహామా దీవుల్లో మార్క్ ఆల్బిన్స్, మార్క్ హిక్సన్ అనే పరిశోధకులు కొన్ని చిన్న పగడపు దిబ్బల మీద ఒక్కొక్క లయన్‌ఫిష్‌ను ఉంచి, కొన్నింటిని అలాగే వదిలి పోల్చారు; 2008లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఐదు వారాల్లోనే లయన్‌ఫిష్ ఉన్న దిబ్బల మీద కొత్తగా చేరే స్థానిక చేప పిల్లలు సగటున 79 శాతం తగ్గాయి. ఒక్కటంటే ఒక్క చేప చేసిన పని అది. స్టెఫానీ గ్రీన్ బృందం 2012లో ప్రచురించిన మరో అధ్యయనంలో, బహామాలో ఇవి విపరీతంగా పెరిగిన రెండేళ్ళలో, ఇవి తినే చిన్న చేపల మొత్తం బరువు 65 శాతం పడిపోయింది. అక్కడ హెక్టారుకు 390 దాకా చేపలు లెక్కకు వచ్చాయి. స్వస్థలంలో అదే లెక్క కొద్ది పదులను దాటడం అరుదు. ఈ చిన్న చేపల్లో నాచు తిని పగడాలను శుభ్రంగా ఉంచేవి కూడా ఉంటాయి కనుక దెబ్బ దిబ్బకు కూడా తగులుతుంది.

ఇంత జరిగిన తరువాత మన సముద్రం వైపు చూస్తే, అదే ప్రజాతి చేప ఇక్కడ వేల ఏళ్ళుగా ఉంది, ఎప్పుడూ గొడవ చేయలేదు. ఎందుకన్న ప్రశ్నకు ఒకే జవాబు సరిపోదు. ఇక్కడి చిన్న చేపలు కోడిపుంజుతో కలిసి పరిణమించాయి. అట్లాంటిక్ చేపలకు ఇది వేటగాడిలా కనిపించలేదు, నాచు గుత్తిలాగో పగడపు కొమ్మలాగో కనిపించింది, పక్కనే నిలబడి ఉండిపోయాయి. ఇక్కడ దీని ఒంటి మీద పరాన్నజీవులు ఎక్కువ, అక్కడ తక్కువ. ఇక్కడ తేలు చేపల కుటుంబపు ఇతర చేపలతో ఆహారానికీ చోటుకూ పోటీ ఉంది. పిల్ల దశలో ముళ్ళు ఇంకా బలపడని కాలంలో తినేసే చేపలూ ఇక్కడ ఎక్కువే. ఈల వంటి పొడవైన మూతి ఉన్న కార్నెట్‌ఫిష్ కడుపులో లయన్‌ఫిష్ దొరికిన నమోదు ఉంది. ముల్లు పాత్ర ఏదైనా ఉంటే అది ఇక్కడే: అట్లాంటిక్‌లో ఎదిగిన చేపను ముట్టుకునే అలవాటు గ్రూపర్లకూ, సొరలకూ పెద్దగా లేకపోయింది, ముల్లు ఆ అలవాటు పడకుండా కాపాడింది. చంపింది నోరు, కాపలా కాసింది ముల్లు. పైగా అక్కడ ఇది స్వస్థలంలో కన్నా పెద్దగా ఎదుగుతుంది. 45 సెంటీమీటర్లు దాటినవి దొరికాయి.

ఇంకొక సంగతి జన్యు అధ్యయనాల నుంచి వచ్చింది. అట్లాంటిక్‌ను ఆక్రమించినవాటిలో అత్యధికం టెరాయిస్ వోలిటాన్స్. 1758లోనే కార్ల్ లిన్నేయస్ పేరు పెట్టిన ఈ జాతి నిజానికి హిందూ మహాసముద్రపు మైల్స్ వంశమూ, రస్సెలీ చేరిన పసిఫిక్ వంశమూ కలిసి పుట్టిన సంకర జాతి అయి ఉండాలని 2010ల చివర్లో వచ్చిన ఒక జన్యు విశ్లేషణ ప్రతిపాదించింది. అది నిలబడితే, రస్సెల్ విశాఖలో బొమ్మ వేయించిన చేపకూ బహామాను ఖాళీ చేసిన చేపకూ ఉన్నది ప్రజాతి సంబంధం మాత్రమే కాదు, రక్త సంబంధం.

మధ్యధరా సముద్రంలో కథ అక్వేరియంతో కాదు, కాలువతో మొదలయింది. 1869లో తెరిచిన సూయెజ్ కాలువ ఎర్రసముద్రపు జీవులకు దారి ఇచ్చింది. 1991లో ఇజ్రాయెల్ తీరంలో ఒక మైల్స్ దొరికి, తరువాత రెండు దశాబ్దాలు అలికిడి లేదు. 2012లో లెబనాన్ తీరంలో మళ్ళీ కనిపించాక సైప్రస్, టర్కీ, గ్రీసు వరుసగా నిండాయి. అదే కాలువ గుండా అంతకు చాలా ముందే, 1920లలో, మరో ముళ్ళ చేప వెళ్ళింది: కుందేలు మూతిలాంటి మూతి ఉన్నందున రాబిట్‌ఫిష్ అని పిలిచే సిగానస్ జాతి. వీపున 13, వెనుక 7, పొట్ట కింద 4, మొత్తం 24 విషపు ముళ్ళు దానివి, అయినా అది శాకాహారి. తూర్పు మధ్యధరాలో రాళ్ళ మీది నాచు అడవులను మేసి నున్నగా చేసింది. ఒకటి మాంసాహారి, మరొకటి శాకాహారి. రెండింటిలోనూ ముల్లు చేప ప్రాణం కాపాడింది, నోరు సముద్రాన్ని మార్చింది, దారి మాత్రం మనిషి వేశాడు.

నివారణ విషయంలో మొదట వినిపించిన మాట నిర్మూలన. అది కుదరదని త్వరలోనే తేలింది, ఎందుకంటే ఇవి 300 మీటర్ల లోతు దాకా ఉంటాయి, ఈతగాడు బల్లెంతో చేరగలిగేది 30, 40 మీటర్లే. పైన ఖాళీ చేసిన చోటును లోతు నుంచి వచ్చినవీ, కొట్టుకొచ్చిన పిల్లలూ మళ్ళీ నింపుతాయి. తరచుగా వేటాడిన చోట్ల మిగిలిన చేపలు పగలు రాళ్ళ సందుల్లో దాక్కోవడం కూడా నేర్చుకున్నాయి. అయినా పని వృథా కాదు. ఒక దిబ్బ మీది లయన్‌ఫిష్‌ను అన్నీ తీసివేయనక్కర లేదు, సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే చాలు, స్థానిక చేపలు కోలుకుంటాయని గ్రీన్ బృందం 2014లో బహామాలో చూపింది. అలా తగ్గించిన దిబ్బల మీద చిన్న చేపల బరువు 50 నుంచి 70 శాతం పెరిగింది. అన్ని చోట్లా కొద్దికొద్దిగా కాక, చేప పిల్లలు పెరిగే కీలకమైన దిబ్బలను ఎంచుకుని క్రమం తప్పకుండా వేటాడడమే సరైన పద్ధతి అన్నది దీని నుంచి తేలే విషయం. 2017 తరువాత మెక్సికో సింధుశాఖ ఉత్తర భాగంలో చర్మపు పుండ్ల వ్యాధి సోకి వీటి సంఖ్య బాగా పడిపోయింది, కానీ వ్యాధి మీద భారం వేసి చేతులు కట్టుకుని కూర్చోవడానికి అది చాలదు.

సొరలకు పొడిచిన చేపలను తినిపించి అలవాటు చేయాలని కొన్ని చోట్ల ఈతగాళ్ళు చేసిన ప్రయత్నం మాత్రం మంచిది కాదు. సొరలు నేర్చుకున్నది లయన్‌ఫిష్‌ను వేటాడడం కాదు, బల్లెం పట్టిన మనిషి దగ్గర తిండి దొరుకుతుందని. దాని బదులు నిలిచినది వంటశాల దారి. ఫ్లోరిడాలో ఈ చేపను పట్టడానికి సంఖ్య పరిమితి లేదు, కనీస పొడవు నియమం లేదు. 2014లో అక్కడ బతికున్న లయన్‌ఫిష్ దిగుమతిని నిషేధించారు. ఒక్క రోజులో ఎవరు ఎక్కువ పడితే వారికి బహుమతి ఇచ్చే పోటీలు 2009 నుంచి ఏటా జరుగుతున్నాయి. సైప్రస్‌లోనూ ఈతగాళ్ళకు శిక్షణ ఇచ్చి రక్షిత ప్రాంతాల్లో వేటాడిస్తున్నారు. లోతు నీటి కోసం, నేలకు ఆనినప్పుడు విచ్చుకుని పైకి లాగినప్పుడే మూసుకునే వల బోనులను పరీక్షిస్తున్నారు. నిలబెట్టిన నిర్మాణాల చుట్టూ గుమిగూడే అలవాటు లయన్‌ఫిష్‌కు ఉంది కనుక అవి ఎర లేకుండానే బోనులోకి వస్తాయి, ఇతర చేపలు అంతగా రావు.

వంటింట్లో దీనికి కావలసినది మందమైన చేతి తొడుగు, బలమైన కత్తెర. వీపున పదమూడు, వెనుక మూడు, పొట్ట కింద రెండు ముళ్ళను మొదటికంటా కత్తిరించి పక్కన గట్టి డబ్బాలో వేస్తే, మిగిలినది మామూలు చేపే. రొమ్ము రెక్కలను ముట్టుకోవడానికి జంకనక్కర లేదు. ఫ్లోరిడా, బహామా హోటళ్ళు ఆ రెక్కలను విప్పి ఉంచి, చేపను నిలువునా వేయించి వడ్డిస్తాయి. ఇక్కడ, దానికి మొట్టమొదట పుంజు అని పేరు పెట్టిన తీరంలో, తిండి చేపగా కోడిపుంజుకు గిరాకీ లేదు. ట్రాలర్ వలలో అడపాదడపా ఒకటి రెండు పడితే, ముల్లు తగలకుండా పక్కకు నెట్టి, రొయ్యలను వేరు చేసుకుంటారు.